పెద్దవాళ్లలో గ్యాస్ మందులకు తగ్గని ఆయాసం: డయాఫ్రం హెర్నియా కావచ్చు

సమస్య: డెబ్బై దాటిన అమ్మకు నాలుగు ముద్దలు తినగానే ఆయాసం, ఛాతీ కింద బరువు. పడుకుంటే ఎక్కువ. గుండె పరీక్షలు బాగున్నాయి. గ్యాస్ మాత్రలతో తగ్గడం లేదు. మన హైదరాబాద్ ఇళ్లలో ఇక్కడే నెలలు గడిచిపోతాయి. దయచేసి ఇక్కడ ఆగకండి.

కారణం: ఛాతీని, పొట్టను వేరుచేసే డయాఫ్రంలో పుట్టుకతోనే సందు ఉండిపోవచ్చు. పొట్టలోని భాగాలు ఆ సందులోంచి ఛాతీలోకి జరగడమే హెర్నియా. రొమ్ము ఎముక వెనక, ఎక్కువగా కుడివైపు ఉంటే మోర్గాగ్ని హెర్నియా. వెనకవైపు, ఎక్కువగా ఎడమన ఉంటే బోక్డాలెక్ హెర్నియా. రెండూ పెద్దల్లో అరుదు. దగ్గు, మలబద్ధకం, బరువు వల్ల పొట్టలో ఒత్తిడి పెరిగి కొవ్వు పొర, పెద్దపేగు పైకి జరుగుతాయి. ఎప్పుడో జరిగిన బైక్ ప్రమాదంలో డయాఫ్రం చిరిగి, ఏళ్ల తర్వాత బయటపడేవీ ఉన్నాయి. పాత దెబ్బల సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి.

నిర్ధారణ: ఎక్స్‌రేలో గుండె పక్కన కనిపించే నీడను న్యుమోనియా అనో గడ్డ అనో పొరబడవచ్చు. పైకి వెళ్లింది పేగయితే ఎండోస్కోపీ నార్మల్‌గానే రావచ్చు. అందుకే ఛాతీ, పొట్ట కలిపి సీటీ స్కాన్ తీయాలి. స్కాన్‌లో శరీరాన్ని అడ్డంగా చూపే చిత్రాలతో పాటు నిలువుగా చూపేవీ చూడాలి. ఛాతీలో గాలి, నీరు కనిపిస్తున్నాయని తొందరపడి సూది గుచ్చితే, అక్కడున్నది జీర్ణాశయమైతే దానికే చిల్లు పడుతుంది. నన్ను బాగా భయపెట్టేది ఇదే.

పరిష్కారం: లక్షణాలుంటే, మత్తుకు ఒళ్లు తట్టుకుంటే ఆపరేషనే. చాలామందికి లాపరోస్కోపీ (చిన్న రంధ్రాల ద్వారా కెమెరాతో చేసే ఆపరేషన్) సరిపోతుంది. పైకెక్కిన అవయవాలను మెల్లగా కిందికి లాగి, పేగుకు రక్తం సరిగా అందుతోందో లేదో చూస్తారు. తర్వాత కరగని దారంతో సందు మూస్తారు. మోర్గాగ్నిలో ముందువైపు కుట్టు పట్టడానికి కండర అంచు సరిగా ఉండదు, కాబట్టి కుట్లను పొట్ట గోడలోంచి తీసి బిగిస్తారు. సందు పెద్దదైతే మెష్ (వలలాంటి అతుకు) వేస్తారు. పైనే గుండె ఉంటుంది కాబట్టి మెష్‌ను పట్టి ఉంచే పిన్నులు ఎక్కడ కొడుతున్నారన్నది చాలా ముఖ్యం. హెర్నియా సంచిని (పైకెక్కిన అవయవాల చుట్టూ ఉండే పొరను) తీయాలా వద్దా అన్నదానిపై సర్జన్లలో ఏకాభిప్రాయం లేదు.

లక్షణాలే లేకపోతే, లేదా మనిషి బాగా నీరసంగా ఉంటే కనిపెట్టుకుని ఉండటమూ సరైన నిర్ణయం కావచ్చు.

ఎమర్జెన్సీ: తీవ్రమైన నొప్పి, ఎంత ఓకరించినా ఏమీ రాని వాంతి, గ్యాస్ కూడా పోకపోవడం కనిపిస్తే పైకెక్కిన జీర్ణాశయమో పేగో మెలిక పడిందేమో అనుకోవాలి. నోటికి ఏమీ ఇవ్వకుండా 108కి ఫోన్ చేయండి. సర్జన్ ఉన్న పెద్దాసుపత్రికే తీసుకెళ్లమని చెప్పండి, పాత ఎక్స్‌రేలు వెంట ఉంచుకోండి.