డ్యాష్‌క్యామ్‌కు కరెంట్ ఎక్కడి నుంచి ఇవ్వాలి? వైరు కలిపే ముందు జాగ్రత్తలు

డ్యాష్‌క్యామ్ (దారిని రికార్డు చేయడానికి కారు ముందు అద్దం దగ్గర పెట్టే కెమెరా) కొనేటప్పుడు వీడియో ఎంత బాగా వస్తుందో చూస్తాం, రాత్రిపూట నంబర్ ప్లేటు కనిపిస్తుందా అని చూస్తాం. కరెంట్ సంగతి మాత్రం పెట్టె విప్పాకే గుర్తొస్తుంది. కెమెరా వల్ల వచ్చే ఇబ్బందుల్లో చాలావరకు మొదలయ్యేది అక్కడే. పొద్దున్నే తాళం తిప్పితే టకటక శబ్దం తప్ప ఇంజిన్ స్టార్ట్ కాకపోవడం, ఫ్యూజ్ పోవడం, ప్రమాదం జరిగిన క్షణంలోనే రికార్డింగ్ ఆగిపోవడం, అన్నిటికీ మూలం అదే.

ముందు ఒక్క విషయం తేల్చుకోండి. బండి ఆగి ఉన్నప్పుడు కూడా కెమెరా రికార్డు చేయాలా, అక్కర్లేదా? బండి రాత్రుళ్లు గేటు లోపలే ఉంటే పార్కింగ్ మోడ్ అక్కర్లేదు. అలాంటప్పుడు ఛార్జర్ సాకెట్ చాలు. ఫ్యూజ్ బాక్స్ జోలికి వెళ్లే పనే లేదు.

సాకెట్ వాడేవాళ్లు రెండు విషయాలు చూసుకోవాలి. కొన్ని కార్లలో ఇంజిన్ ఆపినా సాకెట్‌కు కరెంట్ వస్తూనే ఉంటుంది. మరికొన్నిటిలో కొంతసేపటికి ఆగుతుంది. ఇంజిన్ ఆపి, తలుపులు లాక్ చేసి, ఓ పావుగంట తర్వాత అద్దంలోంచి కెమెరా లైటు చూడండి. ఇంకా వెలుగుతుంటే దిగేటప్పుడల్లా ప్లగ్ పీకాల్సిందే. రెండోది, గతుకుల రోడ్డు మీద ప్లగ్ కొద్దిగా వదులైనా కరెంట్ తెగి కలుస్తూ ఉంటుంది. ఫైల్ సేవ్ అయ్యే లోపు కరెంట్ పోతే ఆ చివరి క్లిప్పే పాడవుతుంది. మనకు కావాల్సింది ఆ క్లిప్పే కదా. అందుకే కెమెరాతో వచ్చిన అడాప్టరే వాడండి, ప్లగ్ బిగుతుగా కూర్చుందో లేదో చూడండి.

కారులో పాటల కోసం ఇచ్చిన యూఎస్‌బీ పోర్టుకు కెమెరా తగిలించడం నాకు నచ్చదు. పాత రకం పోర్టులు అర ఆంపియరే ఇస్తాయి. చాలా కెమెరాలకు అది చాలదు. పైగా కొన్ని కెమెరాలు కంప్యూటర్‌కు కలిపారనుకుని రికార్డింగ్ మానేసి కార్డులోని ఫైళ్లు చూపిస్తూ కూర్చుంటాయి.

పార్కింగ్ మోడ్ కావాలనుకుంటే అసలు ఆలోచించాల్సింది బ్యాటరీ గురించి. కెమెరా 0.3 ఆంపియర్లు లాగుతుందనుకుందాం. వినడానికి చాలా తక్కువే. కానీ 24 గంటలకు అది 7 ఆంపియర్-అవర్లు దాటుతుంది. 45 ఆంపియర్-అవర్ల కొత్త బ్యాటరీ అయినా రెండు రోజుల్లో దాదాపు మూడో వంతు ఖాళీ అవుతుంది. పాతబడ్డ బ్యాటరీ అయితే ఇంకా ముందే చేతులెత్తేస్తుంది. కార్లలో ఉండే మామూలు లెడ్ బ్యాటరీ స్టార్ట్ చేసే ఆ కొద్ది సెకన్లు గట్టిగా కరెంట్ ఇవ్వడానికి చేసింది. మాటిమాటికీ లోతుగా ఖాళీ చేస్తే దాని ఆయుష్షు తగ్గిపోతుంది.

అందుకే హార్డ్‌వైర్ కిట్‌లో (కెమెరాను నేరుగా ఫ్యూజ్ బాక్స్‌కు కలిపే వైర్ల సెట్టు) వోల్టేజీ కట్-ఆఫ్, అంటే బ్యాటరీ ఒక స్థాయికి పడిపోగానే కెమెరాకు కరెంట్ ఆపేసే ఏర్పాటు, ఉండి తీరాలి. కొన్ని గంటలు కదలకుండా ఉన్న బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సుమారు సగం, 12.0 అంటే దాదాపు పావు వంతు, 11.8కి వచ్చిందంటే ఇక ఏమీ మిగల్లేదన్నట్టే. కొన్ని కిట్లలో 11.6 సెట్టింగ్ కూడా ఉంటుంది. రికార్డింగ్ ఎక్కువసేపు వస్తుందని దాన్ని పెట్టకండి. 12.2 దగ్గర పెట్టండి. చలికాలంలో బ్యాటరీ శక్తి తగ్గుతుంది, ఇంజిన్ తిరగడానికేమో ఎక్కువ కరెంట్ కావాలి. కాబట్టి అప్పుడు 12.4 ఇంకా మంచిది. రోజూ పది నిమిషాల దూరమే తిరిగే బండికి పార్కింగ్ మోడ్ పెట్టుకోకపోవడమే మేలు. రాత్రి పోయిన ఛార్జి ఆ పది నిమిషాల్లో తిరిగి రాదు.

ఇక ఫ్యూజ్ బాక్స్ పని. ఎలక్ట్రిషియన్‌కు ఇచ్చినా దగ్గర నిలబడి చూడండి. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్, ఇంజిన్ కంట్రోల్, స్టీరింగ్ ఫ్యూజులను ముట్టుకోకూడదు. ఎప్పుడూ కరెంట్ ఉండే లైన్ ఒకటి, తాళం తిప్పితేనే వచ్చే లైన్ ఒకటి కావాలి. ఏది ఏదో మల్టీమీటర్ (వోల్టేజీ కొలిచే మీటరు) పెట్టి తేల్చుకోవాలి. కిట్ వైర్ల రంగులు కంపెనీని బట్టి మారతాయి, కాబట్టి దానితో వచ్చిన కాగితం చూసే కలపాలి. బాక్స్‌లో ఉన్న ఫ్యూజ్ సైజుకు సరిపడే ఫ్యూజ్ ట్యాపే (పాత ఫ్యూజ్‌కు ఒక గది, కెమెరా ఫ్యూజ్‌కు ఒక గది ఉండి, పాత ఫ్యూజ్ స్థానంలో గుచ్చే చిన్న సాధనం) కొనాలి. సైజు తేడా ఉన్నదాన్ని బలవంతంగా దూరిస్తే లోపలి క్లిప్పు సాగిపోయి, ఆ తర్వాత ఏ ఫ్యూజ్ పెట్టినా వదులుగానే ఉంటుంది.

ట్యాప్ ఎటు తిప్పి పెట్టాలన్నది చాలామంది పట్టించుకోరు. ఫ్యూజ్ తీసేసి, తాళం ఆన్ చేసి, మీటరు నల్ల మొనను బాడీకి ఆనించి, ఎర్ర మొనతో ఆ గాడి రెండు వైపులా చూడండి. 12 వోల్టులు చూపించేది కరెంట్ వచ్చే వైపు. ట్యాప్ సరైన దిశలో ఉంటే, పాత ఫ్యూజ్‌ను దాని గదిలోంచి తీసేసినా కెమెరా నడవాలి. నడవలేదంటే కెమెరా కరెంట్ కూడా పాత ఫ్యూజ్ గుండానే వెళ్తోందన్నమాట. ట్యాప్‌ను తిప్పి పెట్టండి. కొత్త లైన్‌కు కిట్‌లో చెప్పిన చిన్న ఫ్యూజే వేయాలి. పోయిందని పెద్దది వేస్తే వైరు కాలుతుంది.

ఎర్త్ వైరును రంగు పూయని లోహానికి, బాడీకి బిగించిన బోల్టు కింద పెట్టాలి. అది ఎయిర్‌బ్యాగ్ తాలూకు బోల్టు కాకుండా చూసుకోండి. ఎర్త్ వదులైతే కెమెరా దానంతటదే ఆగి మళ్లీ మొదలవుతూ ఉంటుంది, తప్పు కెమెరాదే అనుకుంటాం.

వైరును పైకి తీసుకెళ్లే దారి ప్రాణాలకు సంబంధించినది. ముందు అద్దం పక్కనుండే స్తంభంలో చాలా కార్లకు కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ మడిచి ఉంటుంది. వైరు దాని ముందు నుంచి అడ్డంగా పోకూడదు. వెనక నుంచి తీసి, అక్కడ ఉన్న కంపెనీ వైరింగ్‌కే టై వేసి కట్టాలి. ఎయిర్‌బ్యాగ్ ఎక్కడుందో తెలియకపోతే ఆ కవర్ తీయకండి, తెలిసినవాళ్లకు అప్పగించండి. కొన్ని కార్లలో ఆ కవర్ క్లిప్పులు ఒక్కసారికే పనికొస్తాయి, తీస్తే కొత్తవి వేయాల్సిందే.

స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ పోర్టు (మెకానిక్‌లు కారు లోపాలు చూడటానికి మెషీన్ తగిలించే సాకెట్) నుంచి కరెంట్ తీసే కేబుళ్లూ ఉన్నాయి. అందులో 16వ పిన్‌కు ఎప్పుడూ బ్యాటరీ కరెంట్ ఉంటుంది కాబట్టి పని తేలికే. అయితే అక్కడ ఏదైనా తగిలించి ఉంటే కొన్ని కార్ల కంప్యూటర్లు సరిగా నిద్రపోవు, బ్యాటరీ వాటి వల్లే తగ్గుతుంది. సర్వీసుకు ఇచ్చే ముందు పీకాలి. కాలు తగిలే చోటు కాబట్టి వైరు వేలాడకూడదు.

రాత్రంతా తప్పనిసరిగా రికార్డింగ్ కావాలంటే విడిగా లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ ప్యాక్ పెట్టుకోవడం అన్నిటికన్నా నిశ్చింత. బండి నడిచేటప్పుడు ఛార్జ్ అవుతుంది, కారు బ్యాటరీని కదిలించదు. దాన్ని సీటు కిందే పెట్టండి. సున్నా డిగ్రీల కన్నా తక్కువ చలిలో ఛార్జ్ చేస్తే అది పాడవుతుంది. మామూలు పవర్ బ్యాంకును మాత్రం కారులో వదిలేయకండి. ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డ్ 60 డిగ్రీలు దాటడం మామూలే. పవర్ బ్యాంకుల్లో ఉండే రకం లిథియం బ్యాటరీ ఆ వేడికి ఉబ్బవచ్చు, అంటుకునే ప్రమాదమూ ఉంది. కెమెరా కొనేటప్పుడు కూడా లోపల బ్యాటరీకి బదులు సూపర్ కెపాసిటర్ (కొద్దిసేపటికి సరిపడా కరెంట్ దాచుకునే భాగం) ఉన్నదే చూడండి.

ఎలక్ట్రిక్ కార్లలోనూ 12 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. కొన్ని కార్లు దాన్ని పెద్ద బ్యాటరీ నుంచి తామే నింపుకుంటాయి, కొన్ని నింపుకోవు. మాన్యువల్ చూడండి. నారింజ రంగు కేబుళ్లు హై వోల్టేజీవి, వాటి దరిదాపులకు వెళ్లొద్దు.

అంతా బిగించాక ఒక రాత్రి కెమెరా ఆఫ్ చేసి, మరో రాత్రి ఆన్‌లో ఉంచి బ్యాటరీ వోల్టేజీ కొలవండి. బండి ఆపిన రెండు గంటల తర్వాత ఒకసారి, పొద్దున స్టార్ట్ చేయకముందు ఒకసారి. కెమెరా ఆఫ్‌లో ఉన్న రాత్రి కూడా బాగా పడిపోయిందంటే, కెమెరా సంగతి తర్వాత, ముందు బ్యాటరీని పరీక్ష చేయించండి.