పుస్తకం కేటలాగ్‌లో ఉంది, వెతికితే రావడం లేదు

గ్రంథాలయాలు వాడే కోహా సాఫ్ట్‌వేర్‌లోనో, సొంత పుస్తకాల జాబితా పెట్టుకునే లైబ్రరీథింగ్‌లోనో ఎక్కించిన తెలుగు పుస్తకం సెర్చ్‌లో దొరక్కపోతే చాలామంది వెంటనే దాన్ని మళ్లీ ఎంటర్ చేసేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. ఒకే పుస్తకానికి రెండు రికార్డులు పడతాయి, సమస్య మాత్రం అలాగే ఉంటుంది.

ముందు రికార్డు తెరవండి. అందులోని పేరు కాపీ చేసి సెర్చ్ బాక్స్‌లో పేస్ట్ చేసి వెతకండి. తర్వాత అదే పేరు కీబోర్డు మీద టైప్ చేసి వెతకండి. నిమిషం పట్టదు. అయినా ఇది చూసుకుని అడిగేవాళ్లు అరుదు.

రెండు రకాలుగానూ రాకపోతే: ఇండెక్స్ (సెర్చ్ చూసుకునే మాటల జాబితా) సంగతి. కోహాలో ఒకేసారి చాలా రికార్డులు ఎక్కించాక ఇలా అవుతుంది. సర్వర్ చూసుకునేవారితో రీబిల్డ్ చేయించండి. కోహాలో వెతకడానికి జీబ్రా అనే ఇంజిన్ వాడుతుంటే, సీహెచ్ఆర్ పద్ధతి బదులు యూనికోడ్ లిపులకు తగిన ఐసీయూ ఇండెక్సింగ్ పెట్టారా అని కూడా అప్పుడే అడగండి.

పేస్ట్ చేస్తే వచ్చి, టైప్ చేస్తే రాకపోతే: అసలు దొంగ ఇక్కడున్నాడు. పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. కంటికి కనబడదు, కానీ యూనికోడ్‌లో అదీ ఒక అక్షరమే. ‘రాజ్‌కుమార్’లో జకు కింద క ఒత్తు పడకుండా ఆపేది ఇదే కాబట్టి మాట మధ్యలో దీని అవసరం ఉంది. చిక్కంతా మాట చివర పొల్లు తర్వాత ఊరికే వచ్చి కూర్చున్నప్పుడే. పాత ఫాంట్ల నుంచి యూనికోడ్‌లోకి మార్చిన ఫైళ్లలో, వార్తల సైట్ల నుంచి కాపీ చేసిన పేర్లలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. ‘కనిపిస్తుంది’ అనకూడదేమో!

అనుమానం తీరాలంటే పేరును ఎక్సెల్‌లో పెట్టి లెన్ ఫంక్షన్‌తో లెక్కించండి. ‘కరీంనగర్’కు 8 రావాలి. 9 వచ్చిందంటే వెనకాల ఎవరో ఉన్నట్టే. మన కంటికి రెండూ ఒకటే, సెర్చ్‌కు మాత్రం వేర్వేరు మాటలు. కొన్ని టూల్స్ దీన్ని పట్టించుకోకుండా వదిలేస్తాయి, అందుకే ఒకచోట దొరికిన పుస్తకం ఇంకోచోట దొరకదు. పాఠకుడు కౌంటర్ దగ్గర నిలబడి ఉంటే చివరి అక్షరం వదిలేసి ‘కరీంనగ’ తర్వాత స్టార్ గుర్తు పెట్టి వెతకండి, అప్పటికి పని గడుస్తుంది.

శాశ్వతంగా పోవాలంటే జాబితాను ఎక్సెల్‌లోకి తెచ్చుకోండి. ప్రతి పేరు చివర ఒక ఖాళీ చేర్చండి. సబ్‌స్టిట్యూట్ ఫంక్షన్‌తో ‘యూనికార్ 8204 (అంటే ఆ కనబడని అక్షరం), దాని పక్కన ఖాళీ’ ఉన్నచోటల్లా ఉత్త ఖాళీ పెట్టండి. చివర్లో ట్రిమ్ చేయండి. కామా, కోలన్, గీత ముందున్న వాటికీ ఇదే పద్ధతి. అన్నిటినీ ఒక్క దెబ్బకు తీసేశారో, ‘రాజ్‌కుమార్’ కాస్తా ‘రాజ్కుమార్’ అయి కూర్చుంటాడు! మాట మధ్యలో ఉన్నవాటిని కోహా రికార్డులో అసలు పేరు రాసే 245 ఫీల్డులో అలాగే ఉంచి, అది లేని రూపాన్ని పేరుకు ఇతర రూపాలు రాసే 246లో ఇస్తే పాఠకుడు ఎలా టైప్ చేసినా దొరుకుతుంది.

బుక్‌మార్క్ టూల్స్‌లో, రిఫరెన్సులు దాచుకునే జొటీరోలో ఒకే ట్యాగ్ రెండుసార్లు కనిపిస్తోందా? అదీ ఇదే. ఒకదాని పేరు చెరిపేసి చేత్తో మళ్లీ టైప్ చేయండి. రెండో దానికీ అంతే.

మిగతావి: పేర్లన్నీ ప్రశ్నార్థకాలైతే ఫైలును మామూలు సీఎస్‌వీగా సేవ్ చేశారు, సీఎస్‌వీ యూటీఎఫ్-8గా చేయాలి. ఐఎస్‌బీఎన్ 9.78ఈ+12గా మారితే ఆ కాలమ్‌ను ముందే టెక్స్ట్‌గా పెట్టుకోలేదు. అలా సేవ్ చేసిన సీఎస్‌వీలో అంకెలు పోయినట్టే, అసలు ఫైలు నుంచి మళ్లీ మొదలుపెట్టండి. తెలుగు బదులు పిచ్చి గుర్తులు వస్తే యూనికోడ్ కాని ‘అను’ ఫాంట్లలో కొట్టిన పాత డేటా అయి ఉంటుంది, కన్వర్టర్‌లో వేసుకోండి. వేశాక మాత్రం పైన చెప్పిన లెన్ పరీక్ష తప్పదు.