హిరోషిగే బొమ్మలో వ్యాపారాన్ని పట్టుకోవడం ఎలా?

జపాన్ చిత్రకారుడు హిరోషిగే అచ్చుబొమ్మల్లో వాన, మంచు, ఫ్యూజీ కొండ చూడగానే ఇవన్నీ ఎవరో ఒంటరిగా కూర్చుని గీసుకున్న బొమ్మలనిపిస్తుంది. కాదు, ఇవి అంగడి సరుకు. పెట్టుబడి ప్రచురణకర్తది. చిత్రకారుడు గీస్తే, ఒకరు చెర్రీ చెక్క మీద చెక్కేవారు, మరొకరు రంగులద్ది అచ్చు తీసేవారు. 19వ శతాబ్దపు ఎడోలో, అంటే ఇప్పటి టోక్యోలో, ఒక్కో బొమ్మ ఇంచుమించు ఒక గిన్నె నూడుల్స్ ధరకే దొరికేది.

1. 1830లలో వచ్చిన హిరోషిగే తొకాయిదో (ఎడో నుంచి క్యోటోకు పోయే రహదారి) వరుసలోంచి 'గోయు' అనే మజిలీ బొమ్మను ఏదైనా పెద్ద మ్యూజియం సైట్‌లో తెరిచి, బాగా పెద్దది చేయండి. సత్రం ఆడవాళ్లు బాటసారుల్ని మూటలు పట్టి లాగుతుంటారు, ఒకాయనకు మెడ బిగుసుకుపోతోంది పాపం. నవ్వుకున్నాక కుడివైపు సత్రం లోపలికి చూడండి. గుండ్రటి పెద్ద బోర్డు మీద ఉన్నది ప్రచురణకర్త తకెనోఉచి పేరు! పక్క పలకల మీద చెక్కినవారు, అచ్చు వేసినవారు, హిరోషిగే కలం పేరు. అదే వరుసలోని 'సెకి' మజిలీ బొమ్మలోనైతే సత్రంలో ఫేస్ పౌడర్ ప్రకటన వేలాడుతుంది.

2. సెన్సార్ ముద్ర, అంటే ప్రభుత్వ తనిఖీ అయిందని చెప్పే గుర్తు, వెతకండి. 'కివమె' అన్న చిన్న ముద్ర ఉంటే అది 1791 - 1842 మధ్యది. ఆ తర్వాత తనిఖీదారుల పేర్లతోనే ముద్రలు వేశారు.

3. ఆకాశం పైఅంచున నీలం ముదురుగా మొదలై పలచబడుతుంది. చెక్క మీద రంగును తడిగుడ్డతో తుడిచి తెచ్చిన పనితనం అది. ఆ నీలం యూరప్‌లో పుట్టిన ప్రష్యన్ బ్లూ అనే కృత్రిమ రంగు. ఇదే బొమ్మకు ఇంకో ప్రతి దొరికితే పక్కపక్కన పెట్టండి. గీతలు మొద్దుబారి, ఛాయలు తగ్గాయంటే బాగా అరిగిన చెక్కతో తీసిన ప్రతి కావచ్చు.

4. ఈ చోటే ఎందుకు గీశారని అడగండి. ఎడో నుంచి క్యోటోకు 53 మజిలీల దారి తొకాయిదో. ఇసె తీర్థయాత్రకు జనం ఆ దారినే పోటెత్తేవారు. వెళ్లొచ్చినవాళ్లూ కొన్నారు, వెళ్లలేనివాళ్లూ కొన్నారు. గిరాకీ ఎంతంటే, 36 బొమ్మలని మొదలైన మరో చిత్రకారుడు హొకుసాయ్ ఫ్యూజీ వరుస 46 దగ్గర ఆగింది. 1842లో నటుల, వేశ్యల బొమ్మల్ని ప్రభుత్వం నిషేధించాక ప్రచురణకర్తలకు ప్రకృతి మరింత భద్రమైన సరుకైంది.

5. కొనాలనుకుంటే ఒక్క జాగ్రత్త. తర్వాతి కాలంలో కొత్తగా చెక్కిన నకళ్లు బోలెడున్నాయి. వాటిలో ముద్రలను కూడా యథాతథంగా చెక్కేశారు. కాబట్టి ముద్ర ఒక్కటే చూసి డబ్బు పెట్టకండి. కాగితం, రంగులు తెలిసినవాళ్లకు చూపించండి.