గుర్రానికి బీమా చేయించే ముందు

శ్రీకాకుళంలో సరదా సవారీకి గుర్రాన్ని పెంచుకుంటున్నవాళ్లు సంతకం పెట్టేముందు ఇవి చూసుకోండి.

• విలువ సరిగ్గా రాయించండి. ప్రీమియం దాని మీద శాతం లెక్కన పడుతుంది: 2 లక్షల గుర్రానికి 5 శాతం అడిగితే ఏడాదికి 10,000. ప్రీమియం తగ్గుతుందని విలువ తగ్గిస్తే, రేపు చేతికొచ్చేదీ తగ్గుతుంది.

• పశువైద్యుడి ఆరోగ్య పత్రం తీసుకోండి. నుదుటి మచ్చ, సుడులు దగ్గర్నుంచి ఫొటోలు తీయండి. గుర్తింపు తేలకపోతే క్లెయిమ్ అక్కడే ఆగిపోతుంది.

• కడుపునొప్పి ఆపరేషన్‌కి డబ్బిస్తారా? తప్పకుండా అడగండి. చావుకు మాత్రమే ఇచ్చే పాలసీలున్నాయి.

• తుపాను, వరద నష్టాలు పాలసీలో కలిశాయా? 2018లో తిత్లీ తుపానును చూసిన జిల్లా మనది.

• గుర్రం ఎవరినైనా తన్నితే నష్టపరిహారం ఎవరు కట్టాలి?

• గుర్రం చనిపోతే ముందు కంపెనీకి కబురు, తర్వాత పోస్టుమార్టం, ఆపైనే పూడ్చడం.