నల్ల ఇసుక ఒడ్డుకి వెళ్ళే ముందు

పిల్లలు అమెరికాలో ఉన్న మన వాళ్ళు కొందరు ఈమధ్య డిసెంబరు సెలవులకి హవాయి వెళ్తున్నారు. మా శ్రీకాకుళంలో తెలిసినాయన ఒకరు, అక్కడి పెద్ద ద్వీపంలో పొహొయికి అనే నల్ల ఇసుక తీరం చూస్తామంటూ, "సముద్రం మనకి కొత్తేటి?" అన్నారు. కళింగపట్నంలో పుట్టి పెరిగిన మనిషి. ఆ మాటకే నాకు టెన్షన్ పట్టుకుంది.

మన తీరంలోనూ ఇసుకలో నల్లటి చారలుంటాయి. అది చాలావరకు ఇల్మనైట్ అనే ఖనిజం. కొండరాళ్ళు అరిగి నదుల్లో కొట్టుకొచ్చింది, దొర్లిదొర్లి నునుపెక్కింది. పొహొయికి ఇసుకకి అంత వయసు లేదు. 2018లో, మనకి తిత్లీ తుపాను వచ్చిన ఏడాదే, కిలౌయా అగ్నిపర్వతం లావా సముద్రంలో పడి, కాగిన గాజుగ్లాసులో చన్నీళ్ళు పోస్తే పగిలినట్టు ముక్కలైంది. అవే కెరటాలకి కొట్టుకొచ్చి, పడవలు దించే ర్యాంపుకి అడ్డంగా పేరుకున్నాయి.

అందుకే మొదట కాళ్ళ సంగతి చూసుకోండి. మధ్యాహ్నం నల్ల ఇసుక పెనంలా కాలుతుంది. చుట్టూ ఉన్న గరుకు లావారాయి మీద జారిపడితే చెయ్యి గీరుకుపోతుంది. హవాయి వెళ్ళేవాళ్ళకి హవాయి చెప్పులు పనికిరావు, మడమ మూసిన బూట్లు కావాలి.

ఇక నీళ్ళు. మన నది సముద్రంలో కలిసే మొగ దగ్గర నీళ్ళు ఎక్కడ లాగుతాయో వేటకెళ్ళేవాళ్ళని అడిగితే చెబుతారు. అక్కడ ఏకాంతంగా ఉందని మనం మెచ్చుకునే చోట అడగడానికి మనిషే ఉండకపోవచ్చు. వెళ్ళగానే ఓ ఇరవై నిమిషాలు ఎత్తులో కూర్చుని కెరటాలు చూడండి. కొన్ని చిన్నవి వచ్చాక ఉన్నట్టుండి ఒక పెద్దది వచ్చి తడిగీత దాటేయొచ్చు. ఆ గీతకి ఇవతలే ఉండండి, సముద్రానికి వీపు పెట్టి ఫోటో వద్దు. ఆడవాళ్ళకి ఒక మాట: తడిసిన చీర కాళ్ళకి చుట్టుకుంటే లేచి నిలబడడమే కష్టం, ఆ రోజుకి చుడీదారే మేలు. ఎవరినైనా నీళ్ళు లాగేస్తే ఒడ్డుకి ఎదురీదకుండా పక్కకి ఈది బయటపడాలి. వెనకాల ఇంకొకరు దూకితే ఇద్దరూ పోతారు.

అక్కడ గోరువెచ్చని గుంటలున్నాయి. పుండో గాయమో ఉంటే అందులో దిగకండి, తల ముంచకండి. బాక్టీరియా భయం ఉంది. లావా సముద్రంలో పడే రోజుల్లో లేచే తెల్లటి ఆవిరి అందంగా ఉంటుంది గానీ అందులో హైడ్రోక్లోరిక్ ఆమ్లం, సన్నటి గాజురజను ఉంటాయి. ఉబ్బసం ఉన్నవాళ్ళు అటువైపే వెళ్ళకూడదు, మామూలు రోజుల్లోనూ ఇన్‌హేలర్ జేబులో ఉండాలి.

ఉత్తరాన పొలొలు లోయ తీరం కూడా ఉంది. కానీ కొండదారిన దిగాలి, చలికాలపు కెరటాలు అక్కడ మరీ పెద్దవి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు పైనుంచి చూసి వచ్చేస్తే చాలు.

మంచినీళ్ళు మోసుకెళ్ళండి. ఫోన్ సిగ్నల్‌ని నమ్ముకోకుండా, ఎప్పటికి తిరిగొస్తారో ఎవరికైనా చెప్పి బయల్దేరండి. తాబేళ్ళు కనబడితే దూరంగానే చూడండి.

గుర్తుగా గుప్పెడు ఇసుక తెచ్చుకోవడం అక్కడ చట్టవిరుద్ధం. పైగా అది అగ్నిపర్వతాల దేవత పెలే అమ్మవారి సొత్తని స్థానికుల నమ్మకం. తీసుకెళ్ళిన రాళ్ళని పోస్టులో తిప్పి పంపినవాళ్ళున్నారు. పైడితల్లమ్మ గుడి దగ్గర ఎలా మసలుకుంటామో అలాగే.

ఆయన నిన్న ఫోన్ చేశారు. బూట్లు కొన్నారట. ఈత నిక్కరు మాత్రం ఇంకా పెట్టెలోనే ఉందట.