గుర్రాల ఫారంలో గడ్డి మోయడానికి ఏ బండి కొనాలి?

గడ్డి బండి అనగానే చాలామంది ముందు అడిగేది ఎన్ని హెచ్‌పీ అని. నిజానికి గడ్డికి ఇంజిన్ బలంతో పెద్దగా పనిలేదు. అది బరువు తక్కువ, జాగా ఎక్కువ తినే సరుకు. ఫారంలో ఇబ్బంది పెట్టేవి వేరే ఉంటాయి: కట్టలు తొట్టిలో సరిగ్గా ఇమడకపోవడం, లాయం ముందు బండి తిరగకపోవడం, వాలులో ట్రాలీ వెనకనుంచి నెట్టుకురావడం, కాలుతున్న సైలెన్సర్ మీద పొట్టు పేరుకోవడం. బండిని ఈ నాలుగింటితో తూచి కొనాలి.

షోరూముకు వెళ్లేముందు లెక్క మేత దగ్గర మొదలుపెట్టండి. 450 కిలోల గుర్రం రోజుకు తన బరువులో సుమారు 2 శాతం, అంటే 9 కిలోల ఎండుగడ్డి తింటుంది. దాణా పెడితే గడ్డి కాస్త తగ్గించొచ్చు గానీ 1.5 శాతానికి దిగువకు పోనివ్వకూడదు. పది గుర్రాలకు రోజుకు 90 కిలోలు, తొక్కుడు నష్టం కలుపుకుంటే వంద. బేలర్ (గడ్డిని కట్టలుగా నొక్కి కట్టే యంత్రం) కట్టే చిన్న పలక కట్ట సుమారు 3 అడుగుల పొడవు, ఒకటిన్నర అడుగు వెడల్పు, 14 అంగుళాల ఎత్తు ఉంటుంది. బరువు 18 నుంచి 20 కిలోలు. అదే సైజు లూసర్న్ (పప్పుజాతి మేత) కట్ట 25 కిలోలు దాటొచ్చు. అంటే మేతకు రోజుకు ఐదు కట్టలు, లాయంలో కింద పరవడానికి వరిగడ్డి వాడితే ఇంకో నాలుగైదు. (వరిగడ్డి పరుపుకే. ఆవులకు, గేదెలకు సరిపోయినట్టు గుర్రానికి అది మేతగా సరిపోదు.) మొత్తం చూస్తే ఫారం లోపల రోజుకు తిరిగేది 200 కిలోల సరుకు. దానికి టన్నున్నర మోసే పికప్ ఎందుకు?

ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. గడ్డిని ఊళ్లనుంచి తేవడం ఒక పని, గడ్డి షెడ్డునుంచి లాయాలకు చేర్చడం ఇంకో పని. రెండింటికీ ఒకే బండి కొంటే రెండూ సరిగ్గా సాగవు. బయటనుంచి తెచ్చేది నెలకో, సీజనుకోసారో. పది గుర్రాలకు నెల మేత 3 టన్నులు, అంటే 150 కట్టలు. 17 అడుగుల డీసీఎం లారీలో వరుసకు 22 చొప్పున ఏడు వరుసలు వేస్తే సుమారు 8 అడుగుల ఎత్తులో అన్నీ పడతాయి. దాన్ని కిరాయికి పిలిపించుకోవడమే చవక. దింపేరోజు నాలుగైదు కట్టలు కాటా మీద పెట్టి చూడండి. మిగతావాటికంటే ఐదారు కిలోలు ఎక్కువ తూగేది దాదాపుగా తడి కట్టే. తేమ 20 శాతం దాటిన కట్ట వాములో వేడెక్కుతుంది, బూజు పడుతుంది, మరీ తడిదైతే మంటే పుట్టొచ్చు. దాన్ని పేర్చకుండా పక్కన పడేయండి.

ఇక సొంతంగా కొనాల్సింది లోపల తిరిగే బండి.

టాటా ఏస్ లాంటి చిన్న ట్రక్కు మన దగ్గర ప్రతి ఊళ్లో దొరుకుతుంది, మెకానిక్కూ దొరుకుతాడు. దాని తొట్టి సుమారు 2.2 మీటర్ల పొడవు, 1.49 మీటర్ల వెడల్పు. కట్టల్ని పక్కకు నిలబెట్టి పేరిస్తే వరుసకు ఎనిమిది పడతాయి. నాలుగు వరుసలకు 32 కట్టలు, అంటే 640 కిలోలు. మోయగలిగేది 750 దరిదాపు కాబట్టి లెక్కకు బాగానే ఉంది. ఫారం దారులు గట్టిగా ఉండి, గడ్డి షెడ్డు లాయాలకు అర కిలోమీటరు దూరంలోనో, రోడ్డుకు అవతలనో ఉంటే ఇది తీసుకోండి. వాన పడ్డ నల్లరేగడిలో మాత్రం దీన్ని దింపొద్దు. చిన్న టైర్లు, వెనక చక్రాలకే డ్రైవు. ఖాళీగా ఉన్నప్పుడు ఇంకా తొందరగా కూరుకుపోతుంది.

బీఎస్ 6 (కొత్త పొగ నిబంధనల) డీజిల్ పికప్‌ను లోపలి పనికి పెట్టొద్దనడానికి ఇంకో కారణముంది. ఆ బండ్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. అందులో పేరుకున్న మసి కాలాలంటే ఇంజిన్ బాగా వేడెక్కి కాసేపు ఒకే వేగంతో నడవాలి. షెడ్డునుంచి లాయానికి రెండు వందల మీటర్లు, మళ్లీ ఆపుడు: ఇలా నడిపితే మసి కాలదు, ఫిల్టర్ మూసుకుపోతుంది, డ్యాష్‌బోర్డులో లైటు వెలుగుతుంది. కాల్చే దశ మొదలైతే ఇంకో బెడద, ఆ సమయంలో పొగగొట్టం మామూలుకంటే చాలా ఎక్కువ వేడెక్కుతుంది, కింద ఎండుగడ్డి ఉంటే ప్రమాదమే.

కరెంటు ట్రాలీ ఆటోకు ఒక గొప్ప గుణం ఉంది: చప్పుడు లేదు, పొగ లేదు. సిమెంటు దారులున్న చిన్న లాయానికి చక్కగా సరిపోతుంది. కానీ మూడు చక్రాల బండి మీద కట్టల్ని ఎత్తుగా పేర్చి మలుపు తిప్పితే ఒరుగుతుంది. రెండు వరుసలు మించనివ్వకండి.

పదెకరాలు దాటిన ఫారానికి, మట్టి దారులకు మా ఓటు మినీ ట్రాక్టరుకే. 20 నుంచి 27 హెచ్‌పీ మధ్య, నాలుగు చక్రాలకూ డ్రైవున్నది తీసుకోండి. మహీంద్రా జీవో 245, కుబోటా నియోస్టార్, వీఎస్‌టీ శక్తి 270 ఈ తరగతివే. సన్నగా ఉంటాయి, కురచ జాగాలో తిరుగుతాయి, మసి ఫిల్టర్ గొడవ లేదు. పైగా అదే ట్రాక్టరు గుర్రాల్ని తిప్పే రింగులో ఇసుక చదును చేస్తుంది, వెనక తిరిగే పీటీఓ షాఫ్టుతో చాఫ్ కట్టర్ (గడ్డి ముక్కలు చేసే మిషన్) తిప్పుతుంది. ట్రాలీ లాగడం దాని పనుల్లో ఒకటి మాత్రమే.

అసలు జాగ్రత్తగా చూసుకోవాల్సింది ట్రాలీని. రెడీమేడ్‌గా దొరికింది తెచ్చుకోకుండా, వెల్డింగ్ షాపులో మీ కట్ట కొలతకు చేయించుకోండి. పైన చెప్పిన కట్టలకు లోపలి కొలత 6 అడుగుల 3 అంగుళాలు, 4 అడుగుల 9 అంగుళాలు ఉండాలి. మొదటి వరుసలో పొడవుగా మూడు చొప్పున రెండు బారులు, అంటే ఆరు. రెండో వరుసలో నాలుగు అడ్డంగా వేసి, పక్కన మిగిలిన ఒకటిన్నర అడుగు సందులో రెండు పొడవుగా. అదీ ఆరే. మూడోది మళ్లీ మొదటిలా. ఇటుకల గోడలా అతుకు మీద అతుకు పడకపోవడంతో 18 కట్టలూ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, ఒక మోకు అడ్డంగా వేసి బిగిస్తే కదలవు. కొలత ఒక్క అర అడుగు తగ్గినా ఈ అల్లిక కుదరదు, కట్టలు అంచు మీదికి వేలాడి మలుపులో జారిపోతాయి.

ఇరుసు తొట్టి మధ్యకు సరిగ్గా కింద పెట్టించొద్దు, నాలుగైదు అంగుళాలు వెనక్కి జరపమనండి. లోడుతో కలిపి ట్రాలీ బరువులో పదో వంతునుంచి ఏడో వంతు వరకు ట్రాలీ డ్రాబార్ (ట్రాక్టరుకు తగిలించే ముందు కడ్డీ) ముక్కు మీద పడాలి. ఖాళీ ట్రాలీ 250, గడ్డి 360 అనుకుంటే ముక్కు మీద 60 నుంచి 85 కిలోలు. లోడు వేశాక ముక్కును మనిషి బరువు చూసుకునే మిషన్ మీద ఆనించి చూస్తే తెలిసిపోతుంది. అంతకంటే తక్కువ తూగితే ట్రాలీ వెనక్కి వాలుతూ ట్రాక్టర్ వెనక చక్రాల పట్టును పైకి లాగేస్తుంది, వేగంలో అటూఇటూ ఊగుతుంది. డ్రాబార్ తొట్టికి ముందు కనీసం 4 అడుగులు రావాలి. పొట్టిగా ఉంటే రివర్స్‌లో ట్రాలీ క్షణంలో మడత పడిపోతుంది.

ముందువైపు నిచ్చెనలాంటి చట్రం 3 అడుగుల ఎత్తున పెట్టించండి, లేకపోతే బ్రేకు వేసినప్పుడు పై కట్టలు డ్రైవరు వీపు మీదికొస్తాయి. టైర్లకు ప్లైలు (లోపలి పొరలు) ఎక్కువున్నవి ఎంచుకోండి. సర్కారు తుమ్మ ముళ్లు, లాయం ముందు రాలిపడే లాడం మేకులు పల్చటి టైర్లను బతకనివ్వవు.

ఇంకొక్క మాట: గడ్డికొక ట్రాలీ, పేడకొక ట్రాలీ. ఒకే తొట్టిలో పొద్దున పేడ, సాయంత్రం మేత వేస్తే పేడలోని నులిపురుగుల గుడ్లు, పిల్లపురుగులు నేరుగా మేతలోకే చేరతాయి. రెండో ట్రాలీ ఖర్చు రెండో బండి ఖర్చుతో పోలిస్తే ఎంతని?

వాలు ఉన్న ఫారంలో బ్రేకుల లెక్క ముందు చూడండి. ట్రాలీకి సొంత బ్రేకులు లేకపోతే లోడుతో సహా దాని బరువు ట్రాక్టర్ బరువుకు ఒకటిన్నర రెట్లు దాటకూడదు. వాలులో అయితే సమానం కూడా దాటనివ్వకండి. దాటితే దిగేటప్పుడు ట్రాలీ నెట్టుకొచ్చి ట్రాక్టరును అడ్డం తిప్పేస్తుంది. ఎడమ, కుడి బ్రేకు పెడళ్లను కలిపే లాక్ వేసి ఉంచాలి, ఎక్కిన గేరులోనే దిగాలి, క్లచ్ నొక్కి జారనివ్వకూడదు. ట్రాలీని ట్రాక్టరు వెనక కిందనుండే డ్రాబార్‌కే తగిలించాలి. పైనున్న టాప్ లింకుకో, లిఫ్టు చేతులకో గొలుసు కట్టి లాగితే ముందు చక్రాలు లేచి ట్రాక్టరు వెనక్కి తిరగబడుతుంది. ఇక బండి గేటు దాటి రోడ్డెక్కుతుందంటే ట్రాక్టరుకే కాదు, ట్రాలీకీ విడిగా రిజిస్ట్రేషన్ ఉండాలి.

ఏ బండి కొన్నా మంట, దుమ్ము విషయంలో రెండు అలవాట్లు తప్పవు. గడ్డి షెడ్డులో బండి పార్క్ చేయొద్దు, లోడింగ్ అయ్యేదాకా ఇంజిన్ ఆపి ఉంచాలి. రేడియేటర్ ముందు జాలీని వారానికోసారి విప్పి, గాలి లోపలినుంచి బయటికి కొట్టాలి. బయటినుంచి కొడితే పొట్టు ఇంకా లోపలికి దిగి ఇంజిన్ కాగిపోతుంది. కట్టల ప్లాస్టిక్ తాడును కోసినచోటే సంచిలో వేయండి. నేల మీద వదిలేసిన తాడు ముందు చక్రం ఇరుసుకు చుట్టుకుని, వెంట్రుకలా సన్నగా బిగిసి ఆయిల్ సీలును కోసేస్తుంది. చక్రం రిమ్ము లోపలి వైపు నల్లటి నూనె చార కనిపిస్తే ముందు అక్కడే వెతకండి.

గుర్రాలు ఇంజిన్ చప్పుడుకు వారం పది రోజుల్లో అలవాటు పడతాయి. గాలికి టపటపలాడే పట్టాకు మాత్రం పాత గుర్రం కూడా బెదురుతుంది, నాలుగు మూలలూ బిగించాకే బండి కదలాలి. పొగ వచ్చే బండిని లాయం నడవలోకి పోనివ్వకుండా గుమ్మం దగ్గర ఆపి, అక్కడినుంచి చేతిబండితో పంచండి.

అమెరికాలో పొలం కొని గుర్రాలు పెంచుకుంటున్న మనవాళ్లకు లెక్క కాస్త మారుతుంది. అక్కడ జాన్ డీర్ గేటర్, కుబోటా ఆర్‌టీవీ, పొలారిస్ రేంజర్, కవాసాకి మ్యూల్ లాంటి యూటీవీలు (వెనక తొట్టి ఉండే చిన్న పొలం బండ్లు) మామూలే. పెద్ద మోడళ్లలో చాలావాటి తొట్టి మోత వెయ్యి పౌండ్లు, అంటే 450 కిలోల దరిదాపు. తొట్టి చిన్నది కాబట్టి కట్టలు ఐదారుకు మించి నిలవవు. లాగే సామర్థ్యంలోనే తేడా కనిపిస్తుంది: రేంజర్ ఎక్స్‌పీ 1000 లాగేది 2,500 పౌండ్లు, కుబోటా ఎక్స్ 1100 లాగేది 1,300. ఆ అంకెలో ట్రైలర్ సొంత బరువు కూడా కలిసే ఉంటుంది. అలాగని కుబోటాను కొట్టిపారేయలేం. బెల్టు లేకుండా ఆయిల్ ఒత్తిడితో నడిచే హైడ్రోస్టాటిక్ గేరు కావడంతో లోడు మీద నెమ్మదిగా రోజంతా నడిపినా ఓర్చుకుంటుంది. బెల్టు బండ్లను లోడు ఉన్నప్పుడు లో రేంజిలోనే (తక్కువ వేగం గేరులోనే) నడపాలి, లేకపోతే బెల్టు జారి కమురు వాసన వస్తుంది. నాలుగైదు వందల కిలోల గుండ్రటి కట్టల్ని మాత్రం యూటీవీ మీదికి ఎక్కించొద్దు, దానికి లోడరున్న ట్రాక్టరే దిక్కు.

డబ్బు కట్టేముందు బండిని మీ ఫారానికే తెప్పించుకుని చూడండి. ముందే గేట్లన్నీ టేపుతో కొలిచి, అన్నిటికంటే సన్నదాన్ని కాగితం మీద రాసుకోండి. పూర్తి లోడు వేయించి మీ ఎత్తయిన వాలు మధ్యలో ఆపమనండి, వెనక్కి జారకుండా కదలాలి. దిగేటప్పుడు పది కిలోమీటర్ల వేగంలో బ్రేకు వేయించి ట్రాలీ ఎటు పోతుందో పక్కన నిలబడి గమనించండి. చివరగా రోజూ నడపబోయే మనిషినే, డీలరు డ్రైవరును కాదు, గడ్డి షెడ్డులోకి రివర్స్ చేయమనండి. రెండు మూడుసార్లు సరిచేసుకున్నా లోపలికి పోకపోతే బండి మార్చకుండా డ్రాబార్ ఒక అడుగు పెంచి మళ్లీ ప్రయత్నించండి.