ఒక కన్నే ఎర్రబడిందా? మద్రాస్ ఐ అనుకునే ముందు

సమస్య: ఒక కన్ను ఎర్రబడింది, నీరు కారుతోంది, వెలుతురు చూడలేకపోతున్నారు, చూపు కాస్త మసకగా ఉంది.

చెన్నైలో కన్ను ఎర్రబడితే ఇంట్లోవాళ్లు, హాస్టల్ రూమ్మేట్లు, మెడికల్ షాపతను అందరూ ఒకటే మాట అంటారు: మద్రాస్ ఐ, అంటే కండ్లకలక. చాలాసార్లు నిజమే కూడా. కానీ ముందు చేయాల్సిన పరీక్ష ఒకటుంది. డబ్బు ఖర్చు లేదు, అయినా ఎవరూ చేసి రారు. ఒక్కో కన్నూ విడిగా మూసి గోడ మీది క్యాలెండర్ చదవండి. మామూలు కండ్లకలకలో పుసి తుడుచుకుంటే అంకెలు కనిపిస్తాయి, రెండు మూడు రోజుల్లో రెండో కంటికీ పాకుతుంది. ఒక కంట్లోనే ఉండి, తుడిచినా మసక పోకపోతే నల్లగుడ్డు మీది పొర, అంటే కార్నియా, దెబ్బతిందని అనుమానించాలి. ఆ రోజే కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

"నొప్పి పెద్దగా లేదండీ" అని ఊరుకోవద్దు. ఇలా కార్నియాకు పుండు చేసే హెర్పిస్ అనే వైరస్ అందులోని నరాలనే దెబ్బతీస్తుంది కాబట్టి స్పర్శ తగ్గి, పుండు ఉన్నా నొప్పి తెలియకపోవచ్చు. డాక్టర్ దూదిపోగుతో కన్ను తాకి చూసేది అందుకే. ఫ్లోరెసిన్ రంగు వేసి నీలి వెలుతురులో చూస్తే పుండు చెట్టుకొమ్మలా చీలి ఆకుపచ్చగా మెరుస్తుంది.

కారణం: హెర్పిస్ సింప్లెక్స్ 1. పెదవి మీద జ్వరప్పొక్కులు తెచ్చే వైరసే. ఎక్కువమందికి చిన్నప్పుడే సోకుతుంది. నరం కొసల్లో దూరి, వెనక్కి పాకి, పుర్రె లోపల ట్రైజెమినల్ అనే నరాల ముడిలో తిష్ట వేస్తుంది. ఆ ముడి నుంచి కంటికో శాఖ, పై దవడకో శాఖ, కింది దవడకో శాఖ వెళ్తాయి. అందుకే పెదవి దగ్గర మొదలైనది ఏళ్ల తర్వాత కంట్లో తేలొచ్చు. మందులు పెరుగుతున్న వైరస్‌ను ఆపుతాయి, ముడిలో నిద్రపోతున్నదాన్ని ఏమీ చేయలేవు.

ఇక అసలు ముంచేది చుక్కల మందు. షాపులో "యాంటీబయాటిక్ డ్రాప్స్" అని ఇచ్చే సీసాల్లో చాలావాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. పైన పెద్ద అక్షరాల్లో బ్రాండు పేరు, కింద చీమంత అక్షరాల్లో డెక్సామెథసోన్ లేదా ప్రెడ్నిసొలోన్. ఫోన్ కెమెరాతో జూమ్ చేసైనా చదవండి. వేసిన మర్నాటికి ఎరుపు తగ్గుతుంది, రోగికి సంతోషం, షాపతనికి మంచి పేరు. లోపల మాత్రం స్టెరాయిడ్ దెబ్బకు ఒంటి రోగనిరోధక శక్తి కాపలా తప్పుకోవడంతో వైరస్ స్వేచ్ఛగా పెరుగుతుంది. సన్న కొమ్మలా ఉన్న పుండు వెడల్పై లోతుకు దిగుతుంది, మచ్చ పడుతుంది, ఒక్కోసారి కార్నియాకు చిల్లే పడుతుంది. "చుక్కలు వేస్తే తగ్గింది, ఆపితే మళ్లీ వచ్చింది" అని ఎవరైనా అన్నారంటే నాకు మొదట ఆ సీసా చూడాలనిపిస్తుంది. కార్నియా లోపలి పొరల్లో వాపు ఉంటే డాక్టర్లే స్టెరాయిడ్ ఇస్తారు, నిజమే. కానీ యాంటీవైరల్, అంటే వైరస్‌ను ఆపే మందు, తోడుగా, కొలిచి ఇస్తారు. వారాలుగా వాడుతున్నవాళ్లు ఇది చదివి టక్కున ఆపేయకండి, డాక్టర్‌ను అడిగి తగ్గించండి.

పరిష్కారం: పైపొర పుండుకు 3 శాతం ఎసైక్లోవిర్ ఆయింట్‌మెంట్ రోజుకు 5 సార్లు, లేదా గాన్‌సైక్లోవిర్ జెల్, లేదా మాత్రలు. ఏది అన్నది డాక్టర్ చెప్తారు, కిడ్నీ సమస్య ఉంటే ముందే చెప్పండి. పదే పదే తిరగబెడుతుంటే 400 మి.గ్రా. ఎసైక్లోవిర్ రోజుకు రెండుసార్లు, ఏడాదిపాటు వాడిస్తారు. 1998లో వెలువడిన అమెరికా పరీక్షల్లో దీనివల్ల తిరగబెట్టడం బాగా తగ్గింది.

నుదుటి మీద ఒకవైపే పొక్కులుంటే అది అక్కి, ఆటలమ్మ తెచ్చే వైరస్ పని. ముక్కు కొస మీద కూడా పొక్కు వచ్చిందంటే కంటికి చేరే ప్రమాదం ఎక్కువ, ఎందుకంటే రెండింటికీ వెళ్లే నరం ఒకటే. జాజు పూయించి కూర్చోకుండా 72 గంటల్లోపు యాంటీవైరల్ మాత్రలు మొదలుపెట్టాలి.

కాంటాక్ట్ లెన్స్ వాడేవాళ్లలో అకాంతమీబా అనే ఏకకణ జీవి సోకినా అచ్చం ఇలాగే కనిపిస్తుంది, అరుదు. రెటీనాకు, అంటే కంటి లోపలి తెరకు, హెర్పిస్ సోకడం ఇంకా అరుదు. ఈ రెండూ మీరు ఇంట్లో తేల్చుకునేవి కావు. వాడిన సీసాలన్నీ, ఖాళీవైనా సరే, సంచిలో వేసుకుని ఆస్పత్రికి వెళ్లండి.